గొంతు రాని లాప్‌టాప్

ఢిల్లీ పక్కన వైశాలిలో మా పై అంతస్తులో ఒక తెలుగు జంట ఉంటారు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. పోయిన నెల టీకి వచ్చినప్పుడు ఆ అమ్మాయి అడిగింది, "అంకుల్, మీ సర్వీసు మొత్తంలో మీరు చేసిన పెద్ద పని ఏది?" అని.

మా ఆఫీసు పాత ఫైళ్లన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించిన కథ చెప్పాను. అది పెద్ద పనే. మూడేళ్లు పట్టింది. వాళ్లు శ్రద్ధగా విని, బిస్కెట్లు తిని వెళ్లిపోయారు. తలుపు వేశాక నాకు గుర్తొచ్చింది మాత్రం ఆ ఫైళ్లు కాదు. ఒక లాప్‌టాప్. దాంట్లో ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించాల్సి వచ్చింది. ఎక్కించలేకపోయాను. సర్వీసు చివర్లో జరిగిన ఆ సంగతి ఇంతవరకు పూర్తిగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇలాంటి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు చదువుతారని రాస్తున్నాను. మనుషుల పేర్లు రాయను. నా పేరూ అక్కర్లేదు.

నేను ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో కంప్యూటర్ విభాగంలో పనిచేశాను. కాకినాడ పక్కనుంచి వచ్చి ముప్ఫై ఏళ్లు పైగా అదే భవనంలో, రెండే రెండు గదుల్లో గడిపాను. రిటైర్మెంటుకు ఇంకా ఆరు నెలలు ఉన్నాయనగా ఒక మధ్యాహ్నం మా గదికి ఒకామె వచ్చింది. కింద టపా సెక్షన్‌లో అసిస్టెంటు. కరీంనగర్ వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. తొమ్మిదో ఏట చూపు పోయిందట. తెల్ల కర్రని మడిచి చంకలో పెట్టుకుని, గుమ్మం దగ్గరే నిలబడి, "తెలుగు సార్ ఉన్నరా?" అని అడిగింది.

మా ఆఫీసులో తెలుగువాళ్లం నలుగురమే. కంప్యూటర్ విభాగంలో నేనొక్కణ్ణే. కుర్చీ చూపించబోయి, చూపిస్తే ఏం లాభమని లేచి వెళ్లి చేతికి తగిలేలా జరిపాను. కూర్చుంది.

"డిపార్ట్‌మెంటల్ పరీక్ష ఉన్నది గద సార్, ప్రమోషన్‌ది. నాకు ఇదే ఆఖరు సారి. మూడు సార్లు అయిపోయినయి. మూడు సార్లు స్క్రైబ్‌తోని రాసిన."

స్క్రైబ్ అంటే చూపు లేనివాళ్లు చెబుతుంటే పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషి.

"పోయినసారి వచ్చినామె నేను చెప్పిన వాక్యం మంచిగ లేదని మార్చి రాసింది సార్. నేను చెప్పింది ఒకటి, కాగితం మీద ఉన్నది ఒకటి. ఈసారి లాప్‌టాప్ అడిగిన. పర్మిషన్ వచ్చింది. మన ఆఫీసుల ఎవరికీ ఇంతకుముందు ఇయ్యలేదంట."

ఆమె వాడేది తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఏ మీట నొక్కినా ఆ అక్షరం పలుకుతుంది. రాసిన వాక్యాన్ని తిరిగి చదువుతుంది. తర్వాత ఒకసారి ఆమె సీటు దగ్గర విన్నాను. మనం వింటే కుట్టుమిషను నడిచినట్టు ఉంటుంది, ఒక్క ముక్కా అర్థం కాదు. ఆమెకు అదే వేగం కావాలి, అదే గొంతు కావాలి. రెండేళ్లుగా దాంతోనే ప్రాక్టీసు చేసిందట.

"పరీక్షకు ఇంకా రెండు వారాలుంది కదమ్మా, అయిపోతుంది. మీరు చదువుకోండి, ఆ సంగతి నేను చూసుకుంటాను" అన్నాను.

ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది.

ఇక్కడ కొంచెం సాంకేతిక విషయం చెప్పక తప్పదు. మా ఆఫీసులో పరీక్షలకు వాడే లాప్‌టాప్‌లు విండోస్‌వి కావు, లైనక్స్‌వి. వాటికి ఇంటర్నెట్ ఉండదు. వైఫై భాగాన్ని ఊడబీకేశారు, నెట్ తీగ పెట్టడానికి వీల్లేకుండా సీలు వేశారు. అక్కర్లేని సాఫ్ట్‌వేర్ కూడా భద్రత పేరుతో తీసేశారు. శబ్దానికి సంబంధించినవి మొదట తీసేసినవాటిలో ఉన్నాయి. పరీక్షలో శబ్దం ఎవరికి కావాలి అనుకున్నారు కాబోలు.

లైనక్స్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఒంటరిగా రాదు. మన పెళ్లిపిలుపు లాంటిది. ఒకరిని పిలిస్తే వాళ్ల తాలూకు వాళ్లందరూ కదిలి రావాలి. వాళ్లలో ఒక్కరు రాకపోయినా అసలు మనిషి గుమ్మం దాటి లోపలికి రాడు. ఇంటర్నెట్ ఉంటే ఆ పిలుపులన్నీ యంత్రమే చేసుకుంటుంది. మనకు తెలియను కూడా తెలియదు. ఇంటర్నెట్ లేని చోట మాత్రం ఒక్కొక్కరిని మనమే వెతికి పట్టుకుని పెన్ డ్రైవ్‌లో ఎక్కించుకు రావాలి.

ఇది నాకు తెలియదా? బాగా తెలుసు. శిక్షణ తరగతుల్లో ఇతరులకు పాఠం చెప్పినవాణ్ణి.

చదివే సాఫ్ట్‌వేర్‌నీ, గొంతునీ, వాటితోపాటు కావాలని నాకు గుర్తున్న నాలుగైదింటినీ దించుకున్నాను. నా బల్ల మీది లాప్‌టాప్‌లో వేసి చూశాను. రెండు నిమిషాల్లో గొంతు పలికింది. ఆమెను పిలిపించాను. వచ్చి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, చకచకా టైపు చేసి, "ఇదే సార్, ఇదే గొంతు" అంది. ఆ ముఖం చూసి నాకు గర్వంగా అనిపించిన మాట నిజం.

నా ఎదురు బల్ల దగ్గర టెక్నికల్ అసిస్టెంటు ఒకామె కూర్చునేది. రోహ్‌తక్ మనిషి. నాకంటే రెండేళ్లు చిన్న. పన్నెండేళ్లు ఎదురెదురుగా కూర్చున్నాం. మాట తక్కువ, పని ఎక్కువ. హిందీలోనే మాట్లాడేది, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆమె స్టీలు గ్లాసులో టీ చల్లార్చుకుంటూ అంది, "మీ లాప్‌టాప్‌లో ఇప్పటికే అన్నీ ఉన్నాయి కదా సర్‌జీ. పైగా నెట్ తీగ పెట్టే ఉంది. పరీక్ష సెల్ నుంచి ఒక లాప్‌టాప్ తెప్పించి, దాంట్లో ఒకసారి వేసి చూడండి."

"అచ్ఛా, ఠీక్ హై. చూస్తాను" అన్నాను.

చూడలేదు. పరీక్ష సెల్ నుంచి లాప్‌టాప్ బయటికి తేవాలంటే ఒక ఫారం నింపి, రెండు సంతకాలు పెట్టించాలి. ఆ వారం పనులు మీద పడ్డాయని చెప్పుకోవచ్చు. పడ్డాయి కూడా. కానీ అసలు కారణం అది కాదు. పలికింది కదా, విన్నాను కదా అనే ధీమా. ఇంకొకరు చెప్తే చేయడమేమిటన్న చిన్న బిరుసు కూడా. ఆ రెండిట్లో ఏది ఎక్కువో ఇప్పుడు తూచలేను.

పరీక్ష రోజు పొద్దున పొగమంచు, పొగ కలిసి ఎదుటి మనిషి కనపడటం లేదు. మెట్రోలో వెళ్లి ఎనిమిదిన్నరకల్లా ఆఫీసు చేరాను. పరీక్ష పదింటికి. పెన్ డ్రైవ్ అంతకుముందు రోజే భద్రతా గదిలో తనిఖీ చేయించి, సీలు కవర్లో పెట్టించాను. పరీక్ష సెల్ అధికారి లక్నో వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. బీరువా తాళం తీసి లాప్‌టాప్ ఇచ్చాడు. ఆమె అప్పటికే వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది.

ఆ బల్ల మీదే లాప్‌టాప్ తెరిచి, పెన్ డ్రైవ్ పెట్టి మొదలుపెట్టాను. తెర మీద మొదటి జవాబు వచ్చింది. ఫలానాది లేదు, ఎక్కించలేను. నా దగ్గరున్నవి తిరగేశాను. అది లేదు. గొంతును విడిగా ఎక్కించబోయాను. దానికి ఇంకో రెండు కావాలంది. అవీ లేవు. అప్పుడు అర్థమైంది. నా బల్ల మీది లాప్‌టాప్‌లో ఆ బంధువర్గంలో సగం మంది ముందునుంచే కాపురం ఉన్నారు. మిగతా సగం ఆ రోజు తీగ వెంట చప్పుడు లేకుండా వచ్చి కూర్చున్నారు. తెర మీద వరుసలు పరిగెత్తాయి, నేను చదవలేదు.

అప్పటికి తొమ్మిది దాటింది. తాపీగా ఆలోచిస్తే దారి ఉంది. నేను తాపీగా లేను.

"అయిందా సార్?" అంది ఆమె.

"అవుతోందమ్మా, ఒక్క ఐదు నిమిషాలు."

లేనివాటిని పట్టించుకోకుండా ఎక్కించమని యంత్రాన్ని బలవంతం చేశాను. ఎక్కింది. పలకలేదు. పరుగున మా గదికి వెళ్లి, నా లాప్‌టాప్‌లోంచి కొన్ని ఫైళ్లను వేరే పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని వచ్చాను. భద్రతా గదిలో చూపించని పెన్ డ్రైవ్ అది. అలా తేవడం తప్పని రూలు రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ ఫైళ్లను ఇందులో కాపీ చేశాను. నా లాప్‌టాప్ కొత్త వెర్షను, ఇది పాతది. ఆ తేడా ఆలోచించేంత నిదానం లేకపోయింది. ఆపి మళ్లీ ఆన్ చేశాను.

పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. తెర నల్లబడింది. మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది. మళ్లీ కొట్టాను. మళ్లీ నల్లబడింది.

గొంతు రాకపోవడం అలా ఉంచండి, ఇప్పుడు అసలు లాప్‌టాపే తెరుచుకోవడం లేదు.

తల ఎత్తి చూస్తే ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉంది. నేను మళ్లీ ఆన్ చేసిన చప్పుడు విని, పని అయిపోయిందనుకుని పెట్టుకుందట. తల కొంచెం పక్కకు వంచి వింటోంది. వేళ్లు బల్ల అంచు మీద సిద్ధంగా ఉన్నాయి. ఎంతసేపు అలా ఉందో. పరీక్ష రాసేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు.

"సార్, ఏం వినపడ్తలేదు."

నేను ఇయర్‌ఫోన్ల తీగ ఊడదీశాను. "అమ్మా, చెడిపోయింది" అన్నాను. చెడగొట్టాను అనలేదు. అది గమనించండి. ఆ క్షణంలోనే నాలుక తనను తాను కాపాడుకుంది.

అధికారి వచ్చాడు. వాయిదా వేసే అధికారం తనకు లేదన్నాడు. ముందుజాగ్రత్తగా ఒక స్క్రైబ్‌ని కూర్చోబెట్టామని, ఆమెతో రాయవచ్చని, రాయకుండా వెళ్లిపోతే ఇదీ ఒక సారి కింద లెక్కకు వస్తుందని చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు. రూలు చెప్పాడు.

ఆమె ఇయర్‌ఫోన్లు తీసేసింది. చేతులు బల్ల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"రాస్త. ఇంకేం చేస్త" అంది తెలుగులో. తర్వాత హిందీలో ఆయనకు చెప్పింది.

పొద్దుటి పేపరు నోటింగ్, డ్రాఫ్టింగ్, అంటే ఫైళ్ల మీద రాతలు, జాబులు రాయడం. వాక్యాలే ప్రాణమైన పేపరు. దాన్ని ఆమె మళ్లీ ఇంకొకరి చేతితో రాసింది.

నేను మా గదికి వచ్చి కూర్చున్నాను. ఎదురు బల్ల ఆమె నా ముఖం చూసింది. నేనే చెప్పాను. అంతా విని, "మధ్యాహ్నం పేపరు ఉంది కదా" అని మాత్రం అంది. లేచి పరీక్ష సెల్‌కి వెళ్లి, ఫారం నింపి, రెండు సంతకాలు పెట్టించి, బీరువాలో మిగిలిన ఇంకో లాప్‌టాప్ తీసుకొచ్చింది. ఆ ఫారానికి ఆమెకు పట్టింది పది నిమిషాలు.

ఆ తర్వాత ఆమె చేసింది చాలా చిన్న పని. నీకు ఏమేం కావాలో చెప్పు అని ఆ లాప్‌టాప్‌నే అడిగింది. అది వరుసగా చెప్పింది. పదహారు పేర్లు, ఏ వెర్షనో అంకెలతో సహా. వాటిని కాగితం మీద చేత్తో రాసుకుంది. అంకెలను నా చేత చదివించి సరిచూసుకుంది. నెట్ ఉన్న యంత్రం దగ్గరికి వెళ్లి ఆ పదహారునే దించింది, ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. భద్రతా గదిలో చూపించి, తెచ్చి ఎక్కించింది. గొంతు పలికింది. మొత్తం మీద ముప్పావుగంట పట్టింది.

నేను చెప్పానా, మీరు విన్నారా అనే ఒక్క మాట ఆమె నోట రాలేదు. వచ్చి ఉంటే కొంత తేలికపడేవాణ్ణేమో.

మధ్యాహ్నం పేపరు టపా సెక్షన్ ఆమె తన లాప్‌టాప్ మీద, తన గొంతుతో, తన వాక్యాలతో రాసింది. తలుపు సందులోంచి చూశాను. వేళ్లు ఆగకుండా కదులుతున్నాయి.

ఇంతవరకు జరిగింది పనిలో పొరపాటు. ఇలాంటిది ఎవరికైనా జరుగుతుంది. దీన్ని మాత్రమే చెప్పుకోవాల్సి వస్తే నేను ఇంత రాసేవాణ్ణి కాదు.

సాయంత్రం మా విభాగాధిపతి పిలిచాడు. జరిగినదానికి రిపోర్టు కావాలన్నాడు. నామీద అభిమానం ఉన్న మనిషే. అన్నీ విని తలుపు వేయమన్నాడు.

"చెక్ చేయని పెన్ డ్రైవ్ సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

"మా గదిలో ఆమెకు చెప్పాను."

"ఆవిడ మాట్లాడదు. చూడండి, మీకు ఆరు నెలలు కూడా లేవు. ఇప్పుడు మెమో, విచారణ, ఇవన్నీ ఎందుకు? సాంకేతిక కారణాలు అని రాయండి. అబద్ధం కాదు కదా."

అబద్ధం కాదు. అదే దాని బలం. ఎవరు చేశారో లేకుండా వాక్యం రాయడం సర్కారు ఉద్యోగంలో మొదట అబ్బే విద్య. ముప్ఫై ఏళ్లలో నాకు బాగా అబ్బింది. అక్కడే కూర్చుని రాశాను. సాంకేతిక కారణాల వల్ల ఒక లాప్‌టాప్ పనిచేయలేదని, అభ్యర్థి అంగీకారంతో ప్రత్యామ్నాయ ఏర్పాటు చేయబడిందని, మధ్యాహ్నానికి లోపం సరిచేయబడిందని. చేయబడింది, చేయబడింది. సంతకం పెట్టి ఇంటికి వెళ్లాను.

రెండు నెలలకు ఫలితాలు వచ్చాయి. మధ్యాహ్నం పేపర్లో ఆమెవే అందరికంటే ఎక్కువ మార్కులు. పొద్దుటి పేపర్లో మూడు మార్కులు తక్కువై తప్పింది.

ఆమె అర్జీ పెట్టుకుంది. లాప్‌టాప్ ఇస్తామని ఇవ్వలేదు కాబట్టి ఆ పేపరు మళ్లీ పెట్టమని. మూడు వారాలకు జవాబు వచ్చింది. పరీక్ష నిబంధనల ప్రకారమే జరిగిందని, వివరాలకు జతచేసిన రిపోర్టు చూడమని.

జవాబు వచ్చిన రోజు ఆమె మా గదికి వచ్చింది. ఈసారి కుర్చీ తానే వెతుక్కుని కూర్చుంది.

"సార్, జవాబు చదివిన. దాని ఎనక ఒక రిపోర్ట్ పెట్టిన్రు. అది కాగితాన్ని ఫోటో తీసి పెట్టినట్టున్నది. నా సాఫ్ట్‌వేర్ బొమ్మ బొమ్మ అంటుంది గాని చదువుతలేదు. మా సెక్షన్ల అడిగితే అందరికి తెలుస్తది. జర మీరు చదువుండ్రి."

ఫోన్ నా చేతికిచ్చింది. తెర మీద నా చేతిరాత.

ఎదురు బల్ల ఆమె రాయడం ఆపింది. తెలుగు రాకపోయినా ఏం జరుగుతోందో ఆమెకు అర్థమైంది.

చదివాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఉన్నట్టే చదివాను. "సాంకేతిక కారణాల వల్ల" దాటాను. "అభ్యర్థి అంగీకారంతో" దగ్గరికి వచ్చేసరికి ఆగాను.

"ఆగిన్రేంది సార్? పూర్తిగ చదువుండ్రి."

చదివాను.

"నా అంగీకారంతోనా?"

"అలాగే రాసి ఉందమ్మా."

"కింద ఎవరి సంతకం ఉన్నది?"

ఒకటి చెప్పాలి. ఆ క్షణంలో ఏదో ఒక పేరు చెప్పి తప్పించుకోవచ్చునన్న ఆలోచన కూడా వచ్చింది. ఆమె చూడలేదు కదా అన్న ఆలోచన. అది నాకే వచ్చింది, వేరే ఎవరికో కాదు.

"నాదే."

ఆమె కుర్చీలో నా వైపు తిరిగింది.

"సాంకేతిక కారణాలంటే ఏంది సార్?"

అప్పుడు చెప్పాను. పరీక్ష లాప్‌టాప్‌లో ముందుగా వేసి చూడకపోవడం, వేసి చూడమని ఎదురుగా ఉన్న మనిషి చెప్పినా వినకపోవడం, బలవంతంగా ఎక్కించడం, తేకూడని ఫైళ్లు తెచ్చి కాపీ చేసి మొత్తం లాప్‌టాప్‌నే పాడుచేయడం, అన్నీ. మధ్యలో ఆపకుండా వింది.

"మరి అట్లనే రాయచ్చు గద" అంది.

కోపంగా అనలేదు. ఒక టైపు తప్పు చూపించినట్టు అంది. ఫోన్ తీసుకుని, కర్ర విప్పుకుని వెళ్లిపోయింది.

మీరు అనుకుంటారు, వెంటనే కాగితం తీసుకుని నిజం రాసేశానని. లేదు. రెండు రోజులు పట్టింది. మొదటి రోజు నాకు నేను చాలా చెప్పుకున్నాను. మళ్లీ పరీక్ష పెట్టినా ఆమె గట్టెక్కుతుందని ఏముంది, ముప్ఫై ఏళ్లు మచ్చ లేకుండా పనిచేశాను, ఒక్క పొరపాటుకు ఇంత అవసరమా, ఇలాంటివి. రెండో రోజు అవే మాటలు మళ్లీ చెప్పుకోబోతే నాకే విసుగొచ్చింది. ఎదురు బల్ల వైపు చూసి అడిగాను, "మీరైతే ఏం చేస్తారు?"

ఆమె తల ఎత్తకుండానే అంది, "నేనైతే మొదటి రిపోర్టులోనే రాసేదాన్ని సర్‌జీ. ఇప్పుడు రాయడం దానికంటే కష్టం. అది నాకు తెలుసు."

రాశాను. నేను అనే మాటతో మొదలుపెట్టాను. సర్కారు కాగితం మీద ఆ మాట రాయడం ఎంత వింతగా ఉందో. నేను పరీక్షించలేదు. నేను బలవంతంగా ఎక్కించాను. నేను అనుమతి లేని పెన్ డ్రైవ్ వాడాను. అభ్యర్థి ముందు వేరే దారి లేదు కాబట్టి దాన్ని అంగీకారం అనడం సరికాదు. నా మొదటి రిపోర్టు అసంపూర్ణం. ఐదు వాక్యాలు.

విభాగాధిపతి చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది నేను పైకి పంపితే నా మాటేమిటి? మొదటిది నేనే కదా రాయమన్నది" అన్నాడు. అప్పటిదాకా నేను ఆలోచించని సంగతి అది. ఆయన వైపు నుంచి అది న్యాయమైన ప్రశ్నే. రాసింది నేనే, సంతకం నాదే, మీ మాట ఇందులో లేదు అన్నాను. మళ్లీ ఒకసారి చదివి, చివరికి పంపాడు. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. అభిమానించే మనిషిని అలా పోగొట్టుకున్నాను.

సంజాయిషీ అడిగారు. ఇచ్చాను. సర్వీసు బుక్కులో హెచ్చరిక ఎక్కింది. మచ్చ లేని ముప్ఫై ఏళ్ల చివర, ఆఖరి పేజీలో. ఒకప్పుడు దాన్ని తలుచుకుని భయపడ్డాను గాని, తీరా చూస్తే నాలుగు వరుసలు. పదవీ విరమణ రోజు శాలువా కప్పారు, సమోసాలు పెట్టారు. కింది సెక్షన్ నుంచి చాలామంది వచ్చారు. ఆమె రాలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అటు చూశాను.

ఆ పొద్దుటి పేపరు ఆమెకు మళ్లీ పెట్టారు, నేను ఇంటికి వచ్చేసిన రెండు నెలలకు. లాప్‌టాప్ సిద్ధం చేసింది మా ఎదురు బల్ల ఆమే. మూడు సార్లు పూర్తిగా తుడిచేసి, మూడు సార్లు మొదటినుంచి ఎక్కించి చూసిందని తర్వాత ఫోన్లో చెప్పింది. మాట తక్కువ మనిషి కాబట్టి ఫలితం కూడా ఒక్క మాటలో చెప్పింది. "పాస్."

కొన్నాళ్లకు ఏదో కాగితం పనిమీద ఆఫీసుకి వెళ్లాల్సి వచ్చింది. సందర్శకుల పాస్ మెడలో వేసుకుని, ముప్ఫై ఏళ్లు తిరిగిన వరండాల్లో కొత్తవాడిలా నడిచాను. ఆమెకు కొత్త సెక్షన్ ఇచ్చారని విని వెళ్లాను. గుమ్మంలో నిలబడి, "బాగున్నారామ్మా?" అన్నాను. ఆమె తల ఇటు తిప్పింది.

"తెలుగు సారా? రాండ్రి."

ఆమె బల్ల దగ్గర ఇద్దరు గుమాస్తాలు ఫైళ్లతో నిలబడి ఉన్నారు. వాళ్లకు పని చెప్పి పంపేసింది. భోజనాల వేళ అయింది. అశోకా రోడ్డులో మన భోజనం దొరికే చోటికి ఇద్దరం వెళ్లాం. ఆమె నా మోచేయి పట్టుకుని నడిచింది. పప్పులో పచ్చిమిర్చి ఏ పక్కనుందో చెప్పమంది, చెప్పాను. కొత్త సెక్షన్ గురించి, చిన్నప్పటి కరీంనగర్ గురించి మాట్లాడింది. వచ్చే ఏడాది పరీక్షకు చూపు లేని ఇంకో ఇద్దరు లాప్‌టాప్ అడిగారని, ఈసారి ఎవరూ కాదనలేదని చెప్పింది. తినడం అయ్యాక నేను అన్నాను.

"అమ్మా, మీకు క్షమాపణ చెప్పాలి. ఎప్పుడో చెప్పాల్సింది."

ఆమె మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

"లాప్‌టాప్ ఖరాబ్ చేసినందుకు నాకు కోపం లేదు సార్. అది ఎవరి చేతిలనైన అయితది. నా అంగీకారం అని రాసిన్రు చూడుండ్రి, దానికున్నది. ఆ మాట రాసేటప్పుడు నేను మీకు యాదికి రాలేదు గద."

"రాలేదమ్మా. నేనే గుర్తున్నాను నాకు."

"రెండోది రాసిన్రని తెలుసు. చదివించుకున్న. అది మీరు రాయకుంటే నేను ఈ కుర్చీల లేను. అది వేరే." గ్లాసును పక్కకు జరిపింది. "కోపం పోయిందని ఇప్పుడంటే అబద్ధమైతది. పోయిననాడు నేనే ఫోన్ చేసి చెప్త."

సరేనన్నాను. ఆఫీసు గేటు దాకా దిగబెట్టి వచ్చాను.

ఇది జరిగి మూడేళ్లవుతోంది. ఆమె ఫోన్ చేస్తూనే ఉంటుంది. ఉగాదికి చేస్తుంది, మా ఆవిడ మోకాలి ఆపరేషన్ అప్పుడు వారం రోజులు వరసగా చేసింది. ఏదైనా సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే అప్పుడూ చేస్తుంది. ఏమేం కావాలంటోందో ముందు దాన్నే అడగండి, అంకెలతో సహా రాసుకోండి అని చెబుతాను. కోపం పోయిందన్న ఆ ఒక్క మాట మాత్రం ఇంతవరకు ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు.